ఉత్తరపు ఒడ్డున చూసేదేమీ లేదు

ఫిబ్స్‌బరో, డబ్లిన్
ఏప్రిల్ 1996

కన్సెప్టా వదినకు,

నీ తమ్ముడి కారు నేను నడుపుతున్నాను. ఆ ఒక్క ముక్క చదివి, కుర్చీలో కూర్చుని, ఫాదర్ గారి టీ నీళ్ళు పొయ్యి మీంచి దించి, అప్పుడు మిగతాది చదువు.

మలకీ బతికున్నంత కాలం ఆ నీలం మైక్రా స్టీరింగు మీద నన్ను చెయ్యి కూడా వెయ్యనివ్వలేదు. జీవితమంతా సిటీ బస్సు నడిపినవాడు, "ఇంట్లో ఒక డ్రైవరు చాలు" అనేవాడు. ఇప్పుడా డ్రైవరు మీ ఊళ్ళో మీ అమ్మానాన్నల పక్కన పడుకున్నాడు. కారు నా వాకిట్లో ఉంది. అరవై నాలుగేళ్ళ వయసులో నేర్చుకున్నాను. పరీక్ష ఒకసారి తప్పాను. "రోడ్డు మధ్యలో నడుపుతున్నారమ్మా" అన్నాడు పరీక్ష పెట్టినాయన. "బస్సు డ్రైవరు పెళ్ళాన్ని, మా ఇంట్లో అందరం అక్కడే నడుపుతాం" అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు.

తప్పితే మాత్రం ఏమిటి? మన దేశపు రూలు నీకూ తెలుసు కదా. నేర్చుకునేవాళ్ళ మొదటి లైసెన్సు మీద పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి. రెండోదాని మీద ఒంటరిగా ఎక్కడికైనా పోవచ్చు. మూడోదానికి వచ్చేసరికి మళ్ళీ పక్కన మనిషి కావాలి. ఇది రాసిన మహానుభావుడు ఏ పబ్బులోంచి లేచి వచ్చి రాశాడో గానీ, నేనిప్పుడు రెండోదాని మీద ఉన్నాను. సెప్టెంబరుతో గడువు అయిపోతుంది. ఈలోపల డబ్లిన్ చుట్టూ మూడు రోజులు తిరుగుతాను, దక్షిణాన విక్లో నుంచి ఉత్తరాన స్కెరీస్ దాకా, సముద్రం ఒడ్డు వదలకుండా.

ఎందుకో నీకు తెలుసు. యాభై ఎనిమిది ఫిబ్రవరిలో నా కూతురు ఊపిరి లేకుండా పుట్టింది. జ్ఞానస్నానం లేని పిల్లకి చర్చి సమాధుల తోటలో చోటు లేదన్నారు. నేనింకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే మలకీ పొద్దుగూకాక దాన్ని ఎక్కడో పూడ్చి వచ్చాడు. ఎక్కడని అడిగితే గదిలోంచి లేచి వెళ్ళిపోయేవాడు. కారు సంగతి తప్ప, పెళ్ళయిన నాటి నుంచీ ఏ మాటకీ అడ్డు చెప్పని మనిషి, ఆ ఒక్క మాటకి మాత్రం లేచి వెళ్ళేవాడు. చివరికి లోకంలోంచే లేచి వెళ్ళాడు. ఆఖరి జ్వరంలో మాత్రం "సముద్రం దగ్గర" అని ఒకసారి అన్నాడు. నాకున్న ఆనవాలు అదొక్కటే.

ఆ వారం నువ్వు మా ఇంట్లో ఉన్నావు. నీకేమైనా తెలిస్తే చెప్పు. తెలియకపోతే దారులైనా చెప్పు. ముప్పై ఏళ్ళుగా పాదిరి గారింట్లో వండిపెడుతూ, ఆయన్ని కారులో కూర్చోబెట్టి దేశమంతా తిప్పుతున్నదానివి.

డింప్నా


అత్లోన్
మే

డింప్నాకు,

టీ నీళ్ళు దించలేదు. గిన్నె మాడింది. ఫాదర్ గిల్లిగన్ వంటింట్లోకి వచ్చి ముక్కు మూసుకుని "ఎవరు పోయారు కన్సెప్టా?" అన్నారు. "ఇంకా ఎవరూ పోలేదు ఫాదర్, మా మరదలు కారు నడుపుతోంది, త్వరలోనే పోతారు" అన్నాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాసి మంచి పని చేశావు. ఇక్కడి ఫోన్ ఆయన ఆఫీసు గదిలో ఉంటుంది, ఆ తలుపు ఎప్పుడూ పూర్తిగా మూసుకోదు.

వెళ్ళాలనే ఉంటే వెళ్ళు, ఆపితే ఆగే రకానివి కాదు. నేను చెప్పినట్టు మాత్రం వెళ్ళు. మొదటి రోజు డన్‌లీరీ మీదుగా దక్షిణానికి పో. డాల్కీలో రోడ్లు ఇరుకు, ఎదుటివాడికి దారి ఇవ్వడంలో గొప్పలకు పోకు. బ్రేలో ఒడ్డునే కారాపి ఐస్‌క్రీం తిను. గ్రేస్టోన్స్‌లో స్టేషనుకి ఎదురుగా టీ దొరుకుతుంది, మరుగుదొడ్డి కూడా శుభ్రంగా ఉంటుంది. రెండో రోజు కొండల మీదుగా గ్లెండలో అనే చోటికి వెళ్ళు. పొగమంచు పట్టిందంటే వెనక్కి తిరుగు, అక్కడ గొర్రెలు రోడ్డు తమదే అనుకుంటాయి. కారు ఎక్కడ ఆపినా దాని ముక్కు రోడ్డు వైపు ఉండేలా ఆపుకో. మూడో రోజు ఇంటికొచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకో. ఉత్తరపు ఒడ్డున చూసేదేమీ లేదు. క్యాబేజీ తోటలూ ఎరువు కంపూను.

ఆ వారం నేను మీ ఇంట్లో ఉన్న మాట నిజమే. వాడికి వండి పెట్టాను, నీ రాత్రి గౌన్లు ఉతికి ఆసుపత్రికి పంపాను. అంతకు మించి రాయడానికేమీ లేదు. నీ కోసం ఇక్కడ రోజూ ఒక జపమాల చదువుతున్నాను. కారు నడపడం మొదలుపెట్టావని తెలిశాక రెండు చదువుతున్నాను.

వదిన కన్సెప్టా


ఫిబ్స్‌బరో
జూన్

వదినా,

పరీక్ష మళ్ళీ తప్పాను. ఈసారి వెనక్కి నడపమన్నాడు. "నేను జీవితంలో ఎప్పుడూ వెనక్కి పోలేదు నాయనా" అన్నాను. అదీ రాసుకున్నట్టున్నాడు.

ఆదివారం మచ్చుకి హౌత్ దాకా వెళ్ళొచ్చాను. కొండ ఎక్కుతుంటే వెనకాల వ్యానువాడు హారన్ మోగిస్తూ పక్కకొచ్చి కిటికీలోంచి తల బయటపెట్టి, "అమ్మమ్మా, ఇంటికి పోవే!" అని అరిచాడు. "మీ ఇంటికే వస్తున్నానురా, దారి చెప్పు!" అన్నాను. వాడి పక్కన కూర్చున్న పిల్ల పడీ పడీ నవ్వింది. రేవు దగ్గర కారాపి, ఫ్లాస్కులో టీ తాగి, హ్యామ్ పెట్టిన రొట్టె తిని, ఒడ్డు వెంట చూశాను. ఎక్కడ వెతకాలో తెలియక చూస్తే సముద్రం ఎంత పెద్దదో అప్పుడు తెలిసింది.

ఇలా లాభం లేదని, మంగళవారం జపమాల అయ్యాక చర్చి హాల్లో టీ తాగేటప్పుడు ఆడవాళ్ళందరి ముందూ అడిగేశాను. "జ్ఞానస్నానం లేని పిల్లల్ని మన మగవాళ్ళు ఎక్కడ పూడ్చేవాళ్ళు?" అని. సగం మంది కప్పులు పెట్టేసి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. రైతులు నాగలి పెట్టని పాత మట్టికోటల్లోనట, సమాధుల తోట గోడకి అవతలి పక్కనట, అలలకి కొంచెం పైన కొండ అంచునట. ప్రతి ఊరికీ ఒక చోటు ఉంటుందట, ఏ మ్యాపులోనూ ఉండదట. ఇన్నాళ్ళూ వీళ్ళ పక్కన కూర్చుని పాటలు పాడాను, ఈ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కాబట్టి నా ప్రయాణం మారింది. ఐస్‌క్రీం నువ్వు తిను. కొండలు వద్దు. మొదటి రోజు దక్షిణం, మిగతా రెండు రోజులూ ఉత్తరం. మాలహైడ్, డోనబేట్, రష్, స్కెరీస్. ఒడ్డు పక్కనున్న ప్రతి పొలం దగ్గరా కారాపి, గేటు తట్టి, "మీ దగ్గర పిల్లలున్నారా?" అని అడుగుతాను. పిచ్చిదనుకుంటే అనుకోనీ. ఆ దారుల గురించి నీకు తెలిసింది రాయి.

డింప్నా


అత్లోన్
జూన్ ఆఖరు

డింప్నా,

పిచ్చి పట్టిందా? ఊరూరా గేట్లు తడతావా? రైతుల కుక్కలకి నీ పిక్కలు తప్ప ఇంకేం కనిపించవు.

ఉత్తరం వైపు వద్దని మొదటే చెప్పాను. రష్ దాటాక బంగాళాదుంపల లారీలు రోడ్డు నిండా ఉంటాయి, ఒక్కడూ దారివ్వడు. ఏ ఏడు చూసినా ఎక్కడో ఒక చోట తవ్వి పెట్టి ఉంటారు. సముద్రం గాలికి తలుపు తీశావంటే చేతిలోకి ఊడి వస్తుంది. చిన్న దారులు మరీ దరిద్రం. ఆ బాలీకీన్ సందులోకి పొరపాటున తిరిగావా, ఇక అంతే. గేటు దగ్గర కారు తిప్పుకునే చోటుండదు, పెద్ద రోడ్డు దాకా వెనక్కి నడుపుకుంటూ రావాలి. నీకా, వెనక్కి నడపడం రాదు.

దక్షిణానికే పో. విక్లోలో నా స్నేహితురాలు ఒకావిడ ఉంది, రెండు రోజులు ఉంచుకుంటుంది. నీ ఒంట్లో ఎలా ఉంది? మోకాలికి ఆ నూనె రాస్తున్నావా? ఇక్కడ వేసవి అతిథులతో ఊపిరాడటం లేదు. నలుగురు పాదిరులు, నలుగురికీ నాలుగు రకాల గుడ్లు.

వదిన


ఫిబ్స్‌బరో
జూలై

కన్సెప్టా,

బాలీకీన్ అన్న పేరు నేను రాయలేదు.

నా ఉత్తరాల్లో ఎక్కడా లేదు. మ్యాపులోనూ లేదు, భూతద్దం పెట్టి చూశాను. స్కెరీస్‌లో పోస్టాఫీసుకి ఫోన్ చేసి అడిగితే, "అదొక సందమ్మా, చివర్న ఒక పొలం, ఆ పొలంలో ఒక పాత మట్టికోట, అంతే" అని చెప్పింది ఆ పిల్ల.

దక్షిణాన ప్రతి ఊరికీ నువ్వు టీ కొట్టు చెప్పావు, మరుగుదొడ్డి చెప్పావు. ఉత్తరపు ఒడ్డు గురించి మాత్రం ఒకసారి చూసేదేమీ లేదన్నావు, ఇంకోసారి వద్దే వద్దన్నావు. నా దగ్గర నీ పప్పులు ఉడకవు వదినా. అయినా దారి చెప్పడం అలవాటైన మనిషివి, ఆపుకోలేకపోయావు. నేను ఆ గేటు దగ్గర ఇరుక్కుపోతానేమోనని నీకు నిజంగానే భయం వేసింది. ఆ భయమే నిన్ను పట్టించింది.

ఇంకొక సంగతి. గేటు దగ్గర కారు తిరగదని నీకెలా తెలుసు? యాభై ఎనిమిదిలో మీ అక్కాతమ్ముళ్ళిద్దరికీ కలిపి ఒక్క సైకిలుండేది. అంటే నువ్వు తర్వాత వెళ్ళావు. ఫాదర్ గారి కారులో వెళ్ళావు. ఆ సందులో వెనక్కి నడిపావు. ఎన్నిసార్లు? నా కూతుర్ని చూడటానికి నువ్వు ఎన్నిసార్లు వెళ్ళావు? నేను ఇక్కడ నాలుగు గోడల మధ్య, ఏ వైపు తిరిగి ఏడవాలో కూడా తెలియక కూర్చున్నప్పుడు?

సమాధానం రాయి. జపమాలలు వద్దు.

డింప్నా


అత్లోన్
జూలై

డింప్నా,

ఏటా వెళ్ళాను.

ఆగస్టులో పాదిరులంతా డబ్లిన్‌లో ఒక చోట చేరి వారం రోజులు మౌనంగా ధ్యానం చేసుకుంటారు. ఫాదర్ గారిని అక్కడ దించి నేను కారు వెనక్కి తీసుకురావాలి. తెచ్చే ముందు స్కెరీస్ వైపు వెళ్ళేదాన్ని. గేటు దగ్గర ఆగి, కాసేపు నిలబడి, వెనక్కి నడుపుకుంటూ వచ్చేసేదాన్ని. లోపలికి మాత్రం వెళ్ళలేదు. తల్లి వెళ్ళని చోటికి నేనెలా వెళ్తాను?

తప్పు చేశానని రాయను. తిట్టు, నేనేమీ అనను. కానీ అది జరిగినట్టు విను.

ఆ రోజు మలకీ ఆసుపత్రి నుంచి చిన్న చెక్కపెట్టెతో ఇంటికి వచ్చాడు. బల్ల మీద పెట్టి దాని ముందు కూర్చున్నాడు. వాడికి ఏడవడం రాదు, నీకు తెలుసు కదా, దవడ ఒక్కటే కదిలేది. పెట్టె లోపల గరుకుగా ఉందని నీ నీలం గౌను కత్తిరించి పరిచాను. నీ గౌను ఏమైందని నువ్వు తర్వాత అడిగావు, లాండ్రీలో పోయిందన్నాను. పిల్లని నేనే ఎత్తి పడుకోబెట్టాను. నల్లటి జుట్టు, తడిసినట్టు నుదుటికి అంటుకుని ఉంది. చెవులు అచ్చం మలకీవే, రెండు వైపులా బయటికి వచ్చి ఉన్నాయి. గోళ్ళు కూడా ఉన్నాయి. నువ్వు చూడలేదు, నిన్ను చూడనివ్వలేదు. అందుకని రాస్తున్నాను.

రైల్లో స్కెరీస్ వెళ్ళాం. సైకిలు పట్టుకుని వాడు, పెట్టె పట్టుకుని నేను. అలాంటి చోటు అక్కడుందని వాడితో పనిచేసే కండక్టరు ఒకడు చెప్పాడట, వాడి తండ్రి కూడా ఒక బిడ్డని అక్కడికే తీసుకెళ్ళాడట. అయ్యాక ఇంటికొచ్చి అమ్మ జపమాల మీద నా చెయ్యి పెట్టించి, డింప్నాకి చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. "తెలిస్తే అది రోజూ అక్కడే పడి ఉంటుందే అక్కా, మనకి దక్కదు" అన్నాడు. అది వాడి బుర్రలో పుట్టింది కాదు, ఆసుపత్రికి వచ్చే పాదిరి వాడికి నూరిపోశాడు. వాడు నమ్మాడు. నేను కూడా నమ్మాను. నువ్వు పెరట్లో బట్టలారేస్తూ ఊరికే ఆగిపోయి నిలబడేదానివి, అప్పుడు నమ్మకం పోయింది. కానీ ఒట్టు అలాగే ఉంది.

నోటితో చెప్పనని ఒట్టు వేశాను, అందుకని చెప్పను. కారులో పక్కన కూర్చోనని వెయ్యలేదు. ఆగస్టులో ఫాదర్ గారిని దించి మీ ఇంటికి వస్తాను. ఈసారి నువ్వు నడుపు. అప్పటిదాకా ఒంటరిగా వెళ్ళకు. వెళ్ళినా అక్కడ చాలా రాళ్ళున్నాయి, నీకు ఏదో తెలియదు.

ఫ్లాస్కు నేను తెస్తాను. నీ టీ నీళ్ళలా ఉంటుంది.

కన్సెప్టా


ఫిబ్స్‌బరో
ఆగస్టు ఆఖరు

వదినా,

నువ్వు వెళ్ళిన మర్నాడే మళ్ళీ వెళ్ళాను, ఒంటరిగా. లైసెన్సు ఉండగానే.

ముందు ఒకటి చెప్పాలి. ఆ రోజు నీకు థాంక్స్ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను, కోపం ఇంకా దిగలేదు. దారంతా నువ్వు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నావు. గేటు దగ్గర నేను దిగి, "ఇప్పుడేంటి?" అంటే మాట్లాడకుండా దిగి, నీ మంచి బూట్లతో ఆ తడి గడ్డిలో నడిచి, వెళ్ళి ఒక రాయి పక్కన నిలబడ్డావు. అంతే. ఒట్టు ఒట్టులాగే ఉంది. నేను నడిచి వచ్చేదాకా అటూ ఇటూ కదలలేదు. ఆ నిలబడటాన్ని నేను మర్చిపోను. అది థాంక్స్ కాదు, ఉన్నమాట.

మర్నాడు ఆ పొలం గలావిడ వచ్చింది, మిసెస్ హార్‌ఫర్డ్. కారు గేటుకి అడ్డంగా పెట్టానని దెబ్బలాటకు వచ్చింది.

"ట్రాక్టరు ఎటు పోవాలమ్మా?"

"కాసేపు ఆగాలి. నా కూతురి దగ్గరికి వచ్చాను" అన్నాను.

ఆవిడ నడుం మీంచి చేతులు తీసేసింది. "వస్తుంటారు. పొద్దుగూకాక వస్తారు, నేను కర్టెను వేసేస్తాను, చూడనట్టు. పట్టపగలు గేటుకి కారు అడ్డం పెట్టి వచ్చింది మాత్రం మీరే" అంది. ఆ మూల వాళ్ళ మామగారు నాగలి పెట్టలేదట, ఆయన తండ్రీ పెట్టలేదట. గడ్డి కూడా కోయరట, ఆవులు మేస్తే మేస్తాయి. ఇంట్లోంచి వేడి టీ, వెన్న రాసిన కేకు ముక్క తెచ్చి గోడ మీద పెట్టింది. అప్పుడు అడిగింది, "పేరేంటమ్మా?" అని.

నా పేరు చెప్పబోయాను. "మీది కాదు, పాపది" అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. ఆసుపత్రిలో అడగలేదు, ఇంట్లో అడగలేదు, పాదిరి అడగలేదు, మలకీ అడగలేదు. నువ్వూ అడగలేదు. కడుపుతో ఉన్నప్పుడే అనుకున్న పేరు ఉంది. ఊనా. పైకి అన్నాను. ఆవిడ కూడా ఒకసారి అంది. ఇంకొకరి నోట వింటే ఎలా ఉంటుందో నాకు ఊహే లేదు. గోడ పట్టుకుని ఏడ్చాను. ట్రాక్టరు అప్పటిదాకా ఆగింది.

ఇప్పుడు నాకేం కావాలో రాస్తాను. ఆ మూల రాయి చెక్కించను. అక్కడ చాలామంది ఉన్నారు, ఒక్కదానికే పేరు పెడితే మిగతావాళ్ళకి అన్యాయం. అత్లోన్‌లో మలకీ పడుకున్న మీ ఇంటివాళ్ళ సమాధి రాయి మీద ఊనా పేరు ఉండాలి. వాళ్ళ నాన్న పేరుకి పైన ఉండాలి, ముందు వెళ్ళింది అదే కాబట్టి. సమాధుల తోట ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆ సమాధి నీ పేరున ఉందట, పెద్దబిడ్డవు కనుక. నేను భార్యనైనా సంతకానికి పనికిరానట. నువ్వు పెట్టాలి.

ఫాదర్ గిల్లిగన్ ఏమంటాడో నాకు తెలుసు. నువ్వేమంటావో తెలియదు.

డింప్నా


అత్లోన్
సెప్టెంబరు

డింప్నా,

పొద్దున్న ఫలహారం దగ్గర అడిగాను. ఆయన గుడ్డు పెంకు కొడుతూ విన్నారు. "పాపం, మంచి ఆలోచనే కన్సెప్టా. పేరెందుకు? 'ఒక చిన్న దేవదూత' అని వేయిద్దాం, బాగుంటుంది" అన్నారు. పేరే కావాలట ఫాదర్, అన్నాను. ఆయన స్పూను పెట్టేశారు. "పేరు వేస్తే మిగతావాళ్ళంతా వస్తారు" అన్నారు.

మిగతావాళ్ళు ఎంతమంది ఉన్నారో ఆయనకు తెలుసన్నమాట.

బిషప్ గారికి రాస్తారట, సమయం పడుతుందట, ఈలోగా ఎవరితోనూ అనొద్దన్నారు. నువ్వు తొందరపడకు. నీకు నీ ఇల్లుంది. నాకు ఈ వంటిల్లు, దాని పైన ఒక గది, అంతే. అవి రెండూ ఆయనవి. ఈ వయసులో పెట్టె పట్టుకుని ఎక్కడికి పోను? భయంగా ఉంది. నీ దగ్గర దాయడం ఇక చేతకాదు కనుక రాస్తున్నాను.

వదిన


ఫిబ్స్‌బరో
సెప్టెంబరు

వదినా,

భయపడు. భయపడుతూనే సంతకం పెట్టు.

దేవదూత వద్దు. దేవదూతలకి మలకీ చెవులుండవు.

మా వెనక గది ఖాళీగా ఉంది. ఆ వారం నువ్వు పడుకున్న గదే. గోడకి రంగు వేయిస్తున్నాను, ఏ రంగు కావాలో రాయి, రాయకపోతే పసుపు వేయిస్తాను, తర్వాత ఏడవకు.

నువ్వు సంతకం పెట్టకపోతే నిన్ను తిట్టను. కానీ ఆ రాయి మీద నా పేరు ఎప్పటికీ పడనివ్వను. మీ తమ్ముడు ఒక్కడే పడుకుంటాడు, నేను బాలీకీన్ ఆవుల మధ్య పడుకుంటాను. ఇది బెదిరింపు కాదు. నేను ఎక్కడ పడుకోవాలో నేను చెప్పుకుంటున్నాను, ఈ కుటుంబంలో అది కొత్త కాబట్టి నీకు బెదిరింపులా వినిపిస్తుంది.

డింప్నా


అత్లోన్
నవంబరు 1996

డింప్నా,

అయిపోయింది. మొదటి నుంచి రాస్తాను.

బిషప్ గారి నుంచి జవాబు రాలేదు. ఫాదర్ అసలు రాశారో లేదో తెలియదు, అడిగితే "చూద్దాం" అన్నారు. ఆయన నోటి వెంట "చూద్దాం" అన్న మాట నేను ముప్పై ఏళ్ళుగా వింటున్నాను, అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. రాళ్ళు చెక్కే టీర్నన్ దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టాను. ఎప్పుడు చెక్కమంటారన్నాడు. ఎవరూ లేనప్పుడు, తెల్లవారుజామున అనబోయాను. నోటి దాకా వచ్చింది. చీకట్లో ఆ పిల్ల పని ఒకసారి చేశాను, ఇంక చెయ్యను అనిపించింది. "మృతుల పండుగ నాడు, పూజ అయ్యాక" అన్నాను. అతను నా ముఖం చూసి టోపీ సర్దుకున్నాడు.

ఆ రోజు ఊరంతా సమాధుల దగ్గరే ఉంటుంది కదా. పూలు, కొవ్వొత్తులు, కొత్త కోట్లు. టీర్నన్ మోకాళ్ళ మీద కూర్చుని ఉలి పెట్టాడు. ఆ చప్పుడుకి మాటలన్నీ ఆగిపోయాయి. ఫాదర్ గిల్లిగన్ వరసలో ఒక్కో సమాధి మీదా తీర్థం చల్లుకుంటూ వస్తున్నారు. మన దగ్గరికి వచ్చి ఆగారు.

"ఎవరినడిగి?" అన్నారు.

"ఎవరినీ అడగలేదు ఫాదర్. ఈ నేల నా పేరున ఉంది."

"ఊళ్ళో మాట్లాడుకుంటారు కన్సెప్టా."

"మాట్లాడుకోనివ్వండి. ఇన్నాళ్ళూ మాట్లాడుకోకపోవడం వల్లే ఇదంతా."

ఆయన ముఖం ఎర్రబడింది. నీళ్ళు చల్లకుండా పక్క సమాధికి వెళ్ళిపోయారు. ఊనాకి అది అలవాటే. నేను మాత్రం వెనకనుంచి పిలిచి, "ఫాదర్, మధ్యాహ్నం భోజనం పొయ్యి మీద ఉంది, మీరే వడ్డించుకోండి" అన్నాను. అలా నా ఉద్యోగం పోయింది. పోయిందో, నేనే వదిలేశానో, మీ ఇంటికి వచ్చాక నువ్వే తేల్చు. గదికి పసుపు వద్దు, తెలుపు చాలు.

తర్వాత జరిగింది విను. మందుల షాపు వాళ్ళ పెద్దామె, మిసెస్ గెరాటీ, చర్చిలో ఎప్పుడూ ముందు బల్ల మీద కూర్చునేదే, ఆవిడ గ్లౌజు తీసి ఊనా అన్న అక్షరాల మీద వేళ్ళు పెట్టింది. టీర్నన్ వైపు వంగి, "నాకూ ఒక అబ్బాయి ఉన్నాడు. ఎప్పుడు వస్తావు?" అని అడిగింది. ఆవిడ వెనకాల ఒక ముసలాయన నిలబడ్డాడు, టోపీ చేతిలో పెట్టుకుని. ఆయన వెనకాల ఇంకొకావిడ. ఫాదర్ చెప్పినట్టే వచ్చారు. రావాల్సినవాళ్ళే వచ్చారు.

చివర్లో టీర్నన్ ఉలి ఆపి నన్ను పిలిచాడు. ఊనా పేరు అయ్యింది, మలకీ డింప్నాల కూతురు అన్నది అయ్యింది, పుట్టిన తేదీ అయ్యింది. "గీత గీసి రెండో తేదీ వెయ్యాలి కదమ్మా. ఏం వెయ్యను?" అన్నాడు.

"ఏమీ వెయ్యకు. పుట్టింది. అది వేస్తే చాలు" అన్నాను.

నీ వదిన
కన్సెప్టా